అటూ కన్నాలే, ఇటూ కన్నాలే

సామెత అన్నవాళ్ళు పోతారు, సామెత పడ్డవాళ్ళు మిగులుతారు. పెద్దల మాట చద్దిమూట అని మురిసిపోయే పుస్తకాలు ఈ సంగతి ఎక్కడా రాయవు. అందరికీ మాట కావాలి. అది ఎవరి నెత్తిన పడిందో ఎవరికీ అక్కర్లేదు. ఇది అలా నెత్తిన పడ్డ ఒకావిడ కథ. ఆవిడను కాజాలమ్మ అంటారు.

అసలు పేరు వేరే ఉంది. అది ఆస్పత్రి చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. చొక్కాకు గుండీ దూరడానికి గుడ్డలో చిన్న కోత పెట్టి, దాని అంచు చుట్టూ దారంతో బిగించి కుట్టే కన్నాన్ని కాజా అంటారు కదా, ఆమె పనల్లా అదే. బజారు వీధి చివర బట్టలు కుట్టే దుకాణాలు మూడున్నాయి. మూడు దుకాణాల చొక్కాలూ కోట్లూ కాజాల కోసం ఆమె గదికే వస్తాయి. గదిలో ఒక మంచం, కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద చెక్క దిమ్మ, దాని మీద పెట్టి గుడ్డ కోసే చిన్న ఉలి, దారం చిక్కుపడకుండా రుద్దే మైనం ముక్క. మిషను కాజాలు వచ్చి చాలాకాలమైనా, చేతి కాజాయే కావాలనే షోకిలాలు ఇంకా ఉన్నారు. ఆమె కుట్టిన కాజాలో గుండీ వేలు పెట్టి నెట్టకుండానే దూరుతుంది, లాగకుండా ఊడిరాదు. అంచున దారపు ముడులు ఆవగింజలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. డెబ్బైకి దగ్గరపడ్డా చెయ్యి వణకదు.

అటువంటి మనిషిని పట్టుకుని ఊరు ఊరంతా ఒక మాట అంటుంది. "కాజాలమ్మ చొక్కా: అటూ కన్నాలే, ఇటూ కన్నాలే." ఇద్దరు పిసినార్లు హోటలుకెళ్ళి ఒకరి జేబు వంక ఒకరు చూసుకుంటూ కూర్చుంటే కాజాలమ్మ చొక్కా. ఇద్దరు సోమరులు పెళ్ళాడితే కాజాలమ్మ చొక్కా. వంతెన కడతామని రెండు ఆఫీసుల వాళ్ళు రెండు ఒడ్డుల మీదా గోతులు తవ్వి పోతే, అదీ కాజాలమ్మ చొక్కాయే. పని చెడితే చాలు, అందరి నోటా అదే. మాట బాగుంటుంది, ఎవరు కాదన్నారు. ఆమె గదికి ఎదురుగా కొత్తగా చేరిన సైకిల్ మెకానిక్ ఒకరోజు ఆమె ముందే అన్నాడు: "ఎవరోగానమ్మా ఆ కాజాలమ్మ, భలే మొద్దయ్యుంటుంది." ఆమెను 'అమ్మా' అనడమే తప్ప పేరు తెలియదు పాపం. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ "అయ్యుంటుందిలే నాయనా" అంది. అతను వెళ్ళిన తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

ఆ మాట అన్నది ఆమె తల్లి. బట్టలు కుట్టడంలో ఆవిడ చెయ్యి పేరు మోసింది, నోరు అంతకంటే పేరు మోసింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలయ్యాక కూడా కూర్చునేవాళ్ళు, ఆవిడ ఈసారి ఎవరిని ఏమంటుందో విందామని. నడక నెమ్మదైన మనిషిని చూసి "నువ్వు నడిస్తే నేలకే నీరసం" అనేది. తెలివి తక్కువవాణ్ణి "వాడి బుర్రలో దీపం పెడితే దీపానికే భయమేస్తుంది" అనేది. ఇవి ఇంకా నయం, పైవాళ్ళ మీద అన్నవి. ఇంట్లో ఉన్నదాని వాటా వేరు. "నిన్ను కన్న పూట ఓ కునుకు తీసినా బాగుపడేదాన్ని" అన్నది కూతురి వాటా. వినేవాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్విన తర్వాత "పోనీ పాపం పిల్ల" అని కూడా అనేవాళ్ళు. ముందు నవ్వేవాళ్ళు, తర్వాతే జాలి.

కాజాలమ్మ ఇప్పటికీ తలుచుకుంటే వేళ్ళు కొంగుకు తుడుచుకునే సంగతి ఒకటుంది. తల్లి దారం కొసను నోట్లో పెట్టుకుని నానబెట్టి, పళ్ళతో సన్నగా లాగి, తడి తడిగా ఉన్న దాన్ని కూతురి చేతికిచ్చేది సూదిలో ఎక్కించమని. నమిలిన వక్కల వాసన, ఎంగిలి, దారపు పోగులు. ఆ తడి వేళ్ళకు అంటేది. ఆవిడ మాటలు కూడా అంతే, ఎంగిలి దారాలు. వాటిని ముత్యాలంటున్నారు ఇప్పుడు.

చొక్కా సంగతి చెప్పాలి. కూతుర్ని బడి మానిపించి కాజాల పనిలో కూర్చోబెట్టిన ఏడు జరిగింది అది. "కళ్ళు చురుగ్గా ఉన్నాయి, అక్షరాల మీద పాడుచేసుకోవడం ఎందుకు" అంది తల్లి, దానికీ అందరూ నవ్వారు. పిల్లకు నేర్పిన పాఠం ఒక్కటే: సుద్ద చెప్పినట్టు సూది నడవాలి. కాజా ఎక్కడ రావాలో తల్లి సుద్దతో గీత గీస్తుంది, పిల్ల అక్కడ ఉలితో కోసి కుట్టాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. ఒకసారి అడిగితే చెవి మెలి పడింది. సుద్ద ముక్క తల్లి నడుము దగ్గర మూటలో ఉండేది, ఇంకెవరూ ముట్టడానికి లేదు. ఆవిడ గీత ఎవరైనా పోల్చేవాళ్ళు, చివర చిన్న కొక్కెం తిప్పేది.

మగవాళ్ళ చొక్కాకు కాజాలు ఎడమ పట్టీకి, గుండీలు కుడి పట్టీకి. ఆడవాళ్ళ బట్టలకు ఇది తిరగబడుతుంది. ఆ రోజు పొద్దుట్నించీ ఆడవాళ్ళ బట్టలే నడిచాయి. మధ్యాహ్నం కొత్తగా ఉద్యోగంలో చేరబోతున్న ఓ కుర్ర మేస్టారి చొక్కా వచ్చింది. తల్లి పక్కింటావిడతో మూడో ఇంటి కాపురాన్ని ఉతికి ఆరేస్తూ, పొద్దుటి అలవాటుకొద్దీ కుడి పట్టీకి ఆరు గీతలు గీసేసింది. గీశాక మగవాడి చొక్కా అని గుర్తొచ్చి, ఎడమ పట్టీకి ఆరు గీసింది. కుడివైపువి తుడవడం మరిచిపోయింది. మూడో ఇంటి కాపురం అప్పటికి మంచి పట్టులో ఉంది మరి.

పిల్ల పన్నెండు గీతలు చూసింది. రెండు వైపులా ఎందుకా అని అనుకుంది కూడా. అడగలేదు. పన్నెండూ కోసింది, పన్నెండూ కుట్టింది. సాయంత్రం మేస్టారు, గుండీలు కుట్టకముందే తొందరపడి వచ్చి, చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకోవడానికి చెయ్యి పెట్టి, వెతుక్కుని, ఆగిపోయాడు. తల్లి దుకాణంలో ఏడెనిమిది మంది ఉన్నారు. తల్లి దగ్గరికొచ్చి పట్టీ ఎత్తి చూసింది. గీతలు చూసింది. తన కొక్కెం తాను పోల్చుకోకుండా ఉంటుందా? ఒక్క క్షణం పెదవులు బిగబట్టింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వెంటనే చెయ్యి లేచి పిల్ల వీపు మీద మోగింది, దాని వెనకే మాట లేచింది.

"చూశారా మా కాజాలమ్మ చొక్కా! అటూ కన్నాలే, ఇటూ కన్నాలే! దీన్ని కట్టుకున్నోడు గుండీలు వెతుక్కుంటూ ఊరంతా తిరగాల్సిందే!"

దుకాణం కప్పు లేచిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది కుర్ర మేస్టారు, చొక్కా ముందు భాగం తెరుచుకుని అలాగే నిలబడి. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు. వీపు మంట రాత్రికి తగ్గింది.

పెదవి దాటిన మాట పృథివి దాటుతుంది. ఆ మాట ఆ సాయంత్రమే వీధి దాటింది. కొన్నేళ్ళకు ఆమెకు పెళ్ళి కుదిరితే, ఆమె కంటే ముందే అది అత్తవారింటికి వెళ్ళి కూర్చుంది. ఆడపడుచు గుమ్మంలోనే "ఇదేనా ఆ చొక్కా కాజాలమ్మ!" అని పలకరించింది. మొగుడు మెత్తటివాడు, గోడౌన్లో గుమాస్తా. ఆయన కూడా ఎప్పుడైనా మంచి సరదాలో ఉంటే ఆ మాట అనేవాడు, ఆమె మొహం చూసి ఆపేసేవాడు, మళ్ళీ నెలకు మరిచిపోయి అనేవాడు. పిల్లలు పుట్టలేదు. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు అత్తగారు వంటగదిలోంచి, ఎవరితోనో అన్నట్టు, "అటూ కన్నాలే, ఇటూ కన్నాలే" అంది. ఆ రోజు కాజాలమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. ఇంతకంటే రోత మాట మనిషి నోటికి దొరుకుతుందా? దొరకదు. దొరికినా అది అంత అందంగా అతకదు.

ఇన్నేళ్ళలో నిజం ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. అమ్మ ఉండగా అమ్మ తప్పు బజార్లో పెట్టేది ఎలా? అమ్మ ఎనభై ఎనిమిదేళ్ళు బతికి, చివరి వారం కూడా నర్సును "ఒక్క సూదికి పది పోట్లు పొడిచావు, బట్టలు కుట్టడానికి పనికొస్తావు" అని నవ్వించి పోయింది.

చచ్చినవాడి కళ్ళు చారెడు. తల్లి పోయిన ఏడాదికి తమ్ముడికి ఆవిడ మాటల మీద పిచ్చి పట్టింది. నీళ్ళ పంపుల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పొద్దుపోక, ఊళ్ళో ఇద్దరు ముగ్గురు 'ఎంత గొప్ప నోరండీ మీ అమ్మగారిది' అనేసరికి పుస్తకం వేద్దామనుకున్నాడు. పేరు కూడా పెట్టేశాడు, 'అమ్మ నోటి ముత్యాలు'. ముత్యాలు ఎక్కడున్నాయో అతనికి తెలియదు. అవన్నీ అక్క బుర్రలో ఉన్నాయి. ఫోను పట్టుకుని రోజూ సాయంత్రం వచ్చి మంచం మీద కూర్చునేవాడు.

"నువ్వు చెప్పకపోతే అన్నీ పోతాయక్కా. ఒక తరం మాటలు."

"పోనీ. మురుక్కాలవ పోతే ఎవరన్నా ఏడుస్తారా?"

"అబ్బ! ఇదుగో, ఇది అచ్చం అమ్మ మాటే. రాసుకోనా?"

చెప్పకూడదని ఆమె అనుకునేది. కానీ ఒకటి చెప్తే రెండోది దానంతటదే వచ్చేది. నిజం నిజంలా చెప్పాలంటే, చెప్తున్నంతసేపూ ఆమెకు హుషారుగా కూడా ఉండేది. గొంతు తల్లిది, విరుపు తల్లిది, చివర ముక్కుతో చిన్న చీదరింపు, అదీ తల్లిదే. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాడు. అతను వెళ్ళిపోయాక ఆమెకు ఒళ్ళంతా జిడ్డు పట్టినట్టుండేది. చెంబుడు నీళ్ళు తీసుకుని పుక్కిలించి, పుక్కిలించి ఉమ్మేది. అలా మూడు నెలల్లో మూడొందల మాటలు ఉమ్మింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. దాన్ని ఆమె చెప్పక్కర్లేదని, ఊరందరికీ తెలుసని అప్పుడు తోచలేదు.

అచ్చుకు వెళ్ళేముందు కాగితాలు తమ్ముడి కూతురు తెచ్చింది. "అత్తా, తప్పులేమన్నా ఉంటే చూడమన్నారు నాన్న." కాజాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. నాలుగో పేజీలోనే ఒక మేక బొమ్మ కనపడింది.

"ఇదేంటే?"

"ఏకు మేకై కూర్చుంది అన్న సామెతకి బొమ్మత్తా. నెమ్మదైన జంతువు కూడా ఒక్కోసారి..."

"మేక కాదే నీ తెలివి తెల్లారా, మేకు! గోడకి కొట్టే మేకు. ఏకు అంటే వడకడానికి చుట్టిన దూది. దూదిలా మెత్తగా ఉన్నది మేకులా గుచ్చుకుందని." అనేసి నాలిక కరుచుకుంది. ఆ 'తెలివి తెల్లారా' ఆమెది కాదు. అదృష్టం, పిల్ల నవ్వి మేకను కొట్టేసింది.

ముప్పై ఒకటో పేజీలో ఉంది అది. పెద్ద అక్షరాలతో మాట, కింద చిన్న అక్షరాలతో వివరణ: 'మా అక్క చిన్నతనంలో, పని మీద ధ్యాస లేక, ఒక చొక్కాకు రెండు వైపులా కాజాలు కుట్టివేయగా, అమ్మ చమత్కారంగా అన్న మాట ఇది. అజాగ్రత్తగా చేసే పనికి వాడతారు.' ఎదుటి పేజీలో, ముప్పైలో, 'సుద్ద చెప్పినట్టు సూది నడవాలి' అని ఉంది. వివరణ: 'పెద్దల మాటను పిల్లలు జవదాటరాదని భావం.' రెండు పేజీలూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. రాసినవాడికి మాత్రం కనపడలేదు.

పని, మీద, ధ్యాస, లేక. నాలుగు మాటలు. నోటి మాట గాలికి పోతుందని ఇన్నాళ్ళూ ఓర్చుకుంది, అది పోకపోయినా. ఇప్పుడు అచ్చు పడబోతోంది. ఆమె పోయాక కూడా, కుట్టిన లక్షల కాజాల్లో ఒక్కటీ మిగలక, పని మీద ధ్యాస లేని పిల్ల మాత్రం మిగులుతుంది. ఆమె కళ్ళజోడు తీసి, చెప్పులేసుకుని, కాగితాలతో నేరుగా తమ్ముడింటికి నడిచింది.

తమ్ముడు వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆమె నిలబడే చెప్పింది. సుద్ద, కుడి పట్టీ, ఎడమ పట్టీ, పక్కింటావిడ, తుడవడం మరిచిన ఆరు గీతలు. ఇన్నేళ్ళలో మొదటిసారి. తమ్ముడు విన్నాడు, పేపరు మడిచాడు.

"అమ్మ పోయాక ఆవిడ మీద నింద వేస్తావా అక్కా?"

"నింద కాదురా. జరిగింది."

"ఆవిడ లేదు కదా జవాబు చెప్పుకోవడానికి."

"ఆవిడ ఉన్నప్పుడు నన్ను చెప్పుకోనిచ్చిందా?"

లోపల్నుంచి మరదలు వచ్చింది. "పోనీ వదినా, ఇంతకాలమైంది. అందరూ ముచ్చటపడే మాట. దానికింత బాధెందుకు?"

"నీ మీద అనిపించుకుని చూడు, ముచ్చట తెలుస్తుంది" అంది కాజాలమ్మ. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆ వరండాలో వినేవాళ్ళకే చెప్పేమనిషి లోకువైంది.

చివరికి బేరం కుదిరింది. మాట తీసేయడం తమ్ముడి వల్ల కాదు, పుస్తకానికి అదే ప్రాణం అన్నాడు. కానీ ఆ నాలుగు ముక్కలూ తీసేస్తానన్నాడు. దానికి బదులు, ఆవిష్కరణ సభలో ఆమె వేదిక మీదికొచ్చి అమ్మ గొంతుతో నాలుగు మాటలు అనాలి. నాలుగుకి నాలుగు. "నువ్వంటే అమ్మ దిగొచ్చినట్టే ఉంటుందక్కా" అన్నాడు. ఆమెకు వెగటేసింది, సరేనంది. పని మీద ధ్యాస లేక అన్నది పోతే చాలు.

సభ లైబ్రరీ పై అంతస్తు హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు తల్లి ఫొటో పెద్దది చేసిన బ్యానరు. ఫొటోలో నోరు మూసుకుని ఉంది, బతికుండగా అలా ఎవరూ చూడలేదు. కాజాలమ్మ మొదటి వరసలో కూర్చుని, చేతికిచ్చిన పుస్తకం తెరిచి, ముందు ముప్పై ఒకటో పేజీ చూసింది. తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడు. పని మీద ధ్యాస లేక అన్నది లేదు. ఆ చోట ఇలా ఉంది: 'చిన్నతనపు చిలిపితనంతో'.

చిలిపితనంతో! బడి లేక, ఆట లేక, కిటికీ వెలుగులో వంగి కూర్చుని, చెవి మెలి పడుతుందన్న భయంతో పన్నెండు కాజాలు కుట్టిన పిల్ల చిలిపిది! ఆమె పుస్తకం టప్పున మూసింది. తమ్ముడు వేదిక మీంచి ఆమె వంక చూసి, ఎలా ఉంది అన్నట్టు తలెగరేశాడు. పాపం, అతనికి నిజంగానే అది తియ్యటి మాట అనిపించింది. ఆ ఇంట్లో పుట్టిన ఎవరికీ మాట తియ్యగా ఉంటే చాలు.

ముఖ్య అతిథి ఎవరో అప్పటిదాకా ఆమె పట్టించుకోలేదు. చేతికర్ర పట్టుకుని ఇద్దరి సాయంతో లేచిన ముసలాయన, రిటైర్డ్ హెడ్మాస్టరు. ఎనభై దాటిన మనిషి. మైకు పట్టుకుని "నేనీ సభకు రావడానికి ఒక ప్రత్యేక కారణముంది" అని ఆగాడు. "ఆ చొక్కా నాదే!"

హాలు గొల్లుమంది. చప్పట్లు. ముసలాయన ముఖం వెలిగిపోయింది. కుర్రతనంలో తాను చొక్కా తెరుచుకుని గుండీల కోసం వెతుక్కున్న తీరు అభినయించి చూపించాడు. కుర్చీల్లో జనం వాలిపోయారు. తర్వాత తమ్ముడు మైకందుకుని "ఇప్పుడు మా అక్క" అన్నాడు. ముసలాయన వేదిక మీంచే రెండు చేతులూ చాచి "రామ్మా, రా కాజాలమ్మా!" అన్నాడు.

ఆమె మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. అమ్మ మాటలు ఒక్కటీ అనదలుచుకోలేదు. జరిగింది చెప్పదలుచుకుంది.

"ఆ చొక్కాకి సుద్ద గీసింది నేను కాదండీ" అంది. "మా అమ్మ. రెండు పక్కలా గీసింది. ఒక పక్క గీతలు తుడవడం మరిచిపోయి, కబుర్లలో పడింది."

హాలంతా నవ్వింది. "అచ్చం ఆవిడే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అవును, గొంతు ఆవిడదే. ఏం చేస్తుంది, దేవుడిచ్చింది అది. కోపంతో ఆమె మాట ఇంకా విరుచుకుపడింది, విరిచినకొద్దీ ఇంకా తల్లిలా వినపడింది. "నవ్వకండి. సుద్ద చెప్పినట్టు సూది నడవాలని నేర్పింది ఎవరు? ముప్పయ్యో పేజీ చూడండి. నేను సుద్ద మాటే విన్నాను. దెబ్బ నాకు, పేరు ఆవిడకి!"

మళ్ళీ నవ్వు, ఈసారి చప్పట్లతో సహా. ఒకతను ఆ ఆఖరి ముక్కను చేతిలో పుస్తకం వెనక రాసుకుంటున్నాడు. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. నిజం చెప్తే అదీ ముత్యమైపోయింది! తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికెళ్ళు నిండా నవ్వులున్నాయి. ఆమెకు వాళ్ళ మొహాలు చూడాలంటేనే కంపరమెత్తింది. ఒక్క సాక్షి మిగిలాడు. ఆమె మైకు వదిలి మేస్టారి వైపు తిరిగింది.

"మేస్టారూ, మీరు తొడుక్కున్నారు కదండీ. చొక్కా మీద గీతలు చూడలేదా?"

ముసలాయన నవ్వు ఆపుకుంటూ తలూపాడు. "చూడకేమమ్మా! చూశాను. ఆ రోజే చూశాను. రెండు పట్టీల మీదా, కన్నాలకి అటూ ఇటూ తెల్లగా గీతలు, చివర కొక్కేలు. మీ అమ్మ చేతి గీత నాకు తెలియదా? దుకాణంలో ఉన్న అందరూ చూశారు." ఆమె వదిలిన మైకు ఆయన పక్కనే ఉంది, ప్రతి మాటా గోడలకు తగులుతోంది. "కానీ ఆవిడ అన్న మాట ఎంత బాగుందో చూడు! అంత మంచి మాటని పాడుచేయబుద్ధి కాలేదమ్మా ఎవరికీ."

హాలు మళ్ళీ నవ్వడానికి సిద్ధమైంది. కాజాలమ్మ నోటి దాకా ఒకటి కాదు, పది వచ్చాయి. తల్లి ఇచ్చిన ఆస్తి అంతా నాలిక మీద నిలబడి ఉంది. ఒక్కటి విసిరితే ముసలాయన మొహం మాడిపోతుంది, జనం పడీపడీ నవ్వుతారు. ఆమె వాటన్నిటినీ మింగింది. చేదుగా ఉన్నాయి.

"అప్పుడు నాకు తొమ్మిదేళ్ళండీ" అంది.

అందులో విరుపు లేదు, పోలిక లేదు. మెల్లగా, తన గొంతుతో అంది. జనం నోళ్ళు సగం తెరిచి, తర్వాతి ముక్క కోసం చూశారు. తర్వాతి ముక్క లేదు. ఆమె వేదిక దిగి, కుర్చీ మీద పెట్టిన పుస్తకం అక్కడే వదిలేసి, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కిందికి దిగుతున్న చెప్పుల చప్పుడు హాల్లోకి వినపడింది.

పెద్దాయన కర్ర మీద చెయ్యి సర్దుకున్నాడు. నవ్వు ఇంకా మొహాన ఉంది గానీ, అది ఏం చేయాలో తెలియనట్టుంది. తమ్ముడి వైపు వంగి అడిగాడు. మైకు ఆపడం ఎవరికీ గుర్తులేదు.

"నిజమేనా? తొమ్మిదేనా?"

"ఏమోనండీ" అన్నాడు తమ్ముడు. "నేనప్పటికి పుట్టలేదు."